బిడ్డను ముందు ఆడనివ్వండి

(తిరుపతిలో ఒక బాలవాడీ టీచరమ్మ జ్ఞాపకార్థం చేసిన ఉపన్యాసం పాఠం)



స్మారకోపన్యాసమంటే ముందు ఆ మనిషిని నాలుగు మాటలు పొగడటం, తరవాత వక్త తన పాండిత్యం విప్పడం రివాజు. టీచరమ్మ పిల్లలు నన్ను పిలవడానికి వచ్చినప్పుడే అది వద్దన్నారు. "పేరెత్తి పొగడకండి సార్, ఆమెకు గిట్టేది కాదు. ఆమె చేసిన పని ఎందుకు పనిచేసిందో మీకు తెలిస్తే చెప్పండి" అన్నారు. అందుకే అచ్చుప్రతిలో కూడా ఆమె పేరు లేదు. పేటలో అందరూ పిలిచినట్టే టీచరమ్మ అంటాను.

టీచరమ్మ తిరుపతిలో కూలినాలి చేసుకునేవాళ్ల మధ్య బాలవాడీ నడిపింది. పొద్దున తలుపు తీయగానే అక్షరాలు దిద్దించేది కాదు. గుమ్మం పక్కన స్వర్ణముఖి ఇసుక పోసి ఉండేది, పిలకాయలు ముందు అందులో పడేవాళ్లు. రాత్రి ఎవరింట్లో తాగుడు గొడవ జరిగిందో ఆ బిడ్డ ఇసుకలో కూర్చున్న తీరు చూసి ఆమె పోల్చుకునేది. "వాడి ఒళ్లు ఇంకా ఇంట్లోనే ఉంది, కాసేపు వదిలెయ్యండి" అనేది. తనిఖీకి వచ్చినవాళ్లు దాన్ని సోమరితనం కింద రాసుకుపోయారు కూడా. ఆమె ఏ పుస్తకం చదివి ఆ పని చేసిందో నాకు తెలియదు, బహుశా ఏదీ చదివి ఉండదు. మెదడు గురించి గత 40 ఏళ్లలో తెలిసిన సంగతులు మాత్రం ఆమె పక్షానే నిలబడుతున్నాయి. అవి ఏమిటి, మనసు గాయపడిన పిల్లలకు ఆటతో చేసే వైద్యానికి, అంటే ప్లే థెరపీకి, వాటివల్ల ఒరిగిందేమిటి, మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో దాన్ని పెట్టుకుని ఏం చేయొచ్చు అన్నదే ఇవాళ్టి విషయం.

2021 నవంబరు 18, 19 తేదీల్ని ఈ హాల్లో ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు. స్వర్ణముఖి పొంగింది, తిరుపతి వీధులు వాగులయ్యాయి. రాజంపేట దగ్గర అన్నమయ్య డ్యామ్ కట్ట తెగి చెయ్యేటి ఒడ్డు ఊళ్లు ఊడ్చుకుపోయాయి. అటు పిమ్మట రాయలచెరువు కట్ట లీకవుతోందని కింద ఊళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. నీళ్లు తీశాయి, బురద ఎత్తారు, నష్టపరిహారం లెక్కలు రాశారు. పిల్లల సంగతి ఏ లెక్కలోకీ రాలేదు. మబ్బు పట్టగానే బడి నుంచి ఇంటికి పోదామని ఏడ్చేవాళ్లు, కొళాయి చప్పుడుకు చెవులు మూసుకునేవాళ్లు, ఎప్పుడో మానేసిన పక్క తడపడం ఎనిమిదేళ్లకు మళ్లీ మొదలుపెట్టినవాళ్లు. ఇలాంటివి వరద తరవాత ఏ దేశంలోనైనా కనిపిస్తాయి. మన ఇళ్లలో "బిడ్డ జడుసుకుంది" అంటారు. దర్గాకు తీసుకుపోయి ఊదిస్తారు, తాయెత్తు కడతారు, ఎర్రనీళ్లతో దిష్టి తీస్తారు. నేను వాటిని వెక్కిరించను. అమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఒక పెద్దమనిషి నెమ్మదైన గొంతుతో "ఏం కాదులే నాయనా" అంటుంటే కొంతమంది పిల్లలకు నిజంగానే కుదుటపడుతుంది. కుదుటపడని పిల్లల గురించే నేను మాట్లాడేది.

మెదడు లోపల, కణతలకు వెనక, రెండు వైపులా బాదంగింజ ఆకారంలో చిన్న భాగం ఉంటుంది. దాని పేరు అమిగ్డలా. ముప్పును పసిగట్టడం దాని పనుల్లో ముఖ్యమైనది. న్యూయార్కులో జోసెఫ్ లెడూ ఎలుకల మీద చేసిన పరిశోధన వల్ల ఒక సంగతి తేలింది. చెవిన పడిన చప్పుడు ఆలోచించే పైపొరలో పూర్తిగా అర్థమయ్యే లోపలే, అడ్డదారిన అమిగ్డలాకు చేరిపోగలదు. బతకడానికి అది మంచిదే. పామా తాడా అని తేల్చుకునే దాకా కాలు ఆగదు కదా. కాని ఒకసారి గట్టిగా జడుసుకున్న బిడ్డలో ఈ కాపలా మరీ పదునెక్కుతుంది. తడిమట్టి వాసన చాలు, ఉరుము చాలు. అడ్రినలిన్ ఎగుస్తుంది, వెనకే కార్టిసాల్ వస్తుంది, గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పుతుంది. బిడ్డ తిరగబడుతుంది, లేదా పారిపోతుంది, లేదా బిగుసుకుపోతుంది. మొదటి రెండు రకాల పిల్లల మీద బడి నుంచి ఫిర్యాదులొస్తాయి. మూడో రకం బిడ్డకు ప్రోగ్రెస్ కార్డులో "చాలా నెమ్మది" అని మెచ్చుకోలు రాస్తారు. వైద్యానికి అందరికంటే ఆలస్యంగా చేరేది ఆ మెచ్చుకోలు పొందిన బిడ్డే.

అమిగ్డలా పక్కనే హిప్పోక్యాంపస్ ఉంటుంది. జరిగినదానికి చోటు, వేళ, వరస పెట్టి దాచే పని దానిది. భయం హద్దు దాటినప్పుడు ఈ వరస చెదిరిపోవచ్చు. వాసన ఒక తునక, చప్పుడు ఒక తునక, మీద పడిన చేతి బరువు ఒక తునక విడివిడిగా నిలిచిపోతాయి. ఇక నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే భాగం, నిదానించి ఆలోచించేది, ఆవేశాన్ని ఆపేది, పాతికేళ్లు దగ్గరపడే దాకా పూర్తిగా పక్వానికి రాదు. ఆరేళ్ల బిడ్డతో "భయపడకు, ఆలోచించు" అన్నామంటే, ఇంకా పూర్తిగా ఎదగని భాగానికి, అది సరిగా పనిచేయని సమయంలో, ఉత్తర్వు జారీచేస్తున్నామన్నమాట.

మాట సంగతి కూడా ఉంది. 1996లో హార్వర్డులో స్కాట్ రౌచ్ బృందం, పాత భయం వెంటాడుతున్న ఎనిమిది మంది పెద్దవాళ్లకు వాళ్ల కథే వినిపిస్తూ మెదడు స్కాన్ తీసింది. భయానికి సంబంధించిన భాగాలు రాజుకున్నాయి, మాట పుట్టించే బ్రోకా ప్రాంతం మందగించింది. ఎనిమిది మందే, అందరూ పెద్దవాళ్లే. దీని మీద మేడలు కట్టకూడదు. కాని భయం గుర్తొచ్చినప్పుడు బిడ్డకు మాట పెగలకపోవడం మొండితనం కాదని చెప్పడానికి ఈ మాత్రం ఆధారం చాలు.

ఇప్పుడు మన వ్యవస్థ ఏం చేస్తుందో చూడండి. బిడ్డ మీద అఘాయిత్యం జరిగింది. మొదట అమ్మకు చెప్పాలి, తరవాత పోలీసుకు, ఆస్పత్రిలో డాక్టరుకు, బాలల సంక్షేమ కమిటీకి, మేజిస్ట్రేటుకు, ఆఖర్న కోర్టులో. ప్రతిచోటా మొదటి ప్రశ్న "ఏం జరిగింది, చెప్పు". ఏ భాగం మూగబోయి ఉందో సరిగ్గా దాన్నే అందరూ తడతారు. మంగళవారమా బుధవారమా, ముందు ఏం చేశాడు తరవాత ఏం చేశాడు అని అడుగుతారు. వరస చెదిరిన జ్ఞాపకం నుంచి వరస రాబట్టాలని చూస్తారు. బిడ్డ తడబడితే "వాంగ్మూలంలో వైరుధ్యాలు" అన్న మాట పుడుతుంది.

చట్టం మాత్రం ఇంత మొరటుగా లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం 24వ సెక్షన్ ప్రకారం బిడ్డ ఇంట్లోనో, బిడ్డ కోరుకున్న చోటో, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వాంగ్మూలం తీసుకోవాలి. 33వ సెక్షన్ ప్రకారం వకీళ్లు బిడ్డను నేరుగా ప్రశ్నించకూడదు, ప్రశ్నలు కోర్టుకు ఇస్తే కోర్టే అడగాలి. మధ్యమధ్య విరామం ఇవ్వాలి, పదేపదే పిలిపించకూడదు. 36వ సెక్షన్ ప్రకారం నిందితుడు బిడ్డ కంటబడకూడదు. ఈ సెక్షన్లు రాసినవాళ్లు మెదడు శాస్త్రం చదివారో లేదో గాని, బిడ్డను చదివారు. ఆచరణలో ఇవి ఎంతవరకు నిలుస్తాయో కోర్టు వరండాల్లో గంటలకొద్దీ కూర్చున్న తల్లులను అడగండి.

ఈ దుస్థితి ఎందరిదో తెలియాలంటే ఒక పాత లెక్క ఉంది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో 13 రాష్ట్రాల నుంచి 12,447 మంది పిల్లలను కదిపారు. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని 53.22 శాతం మంది చెప్పారు. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

సరే, ఆటకు వద్దాం.

ఎస్టోనియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన యాక్ పాంక్సెప్ అనే శాస్త్రవేత్త జీవితంలో చాలా భాగం ఎలుక పిల్లల ఆట చూస్తూ గడిపాడు. తోటివాళ్లు నవ్వారు. ఆయన తేల్చిన సంగతుల్లో మూడు మనకు పనికొస్తాయి. ఒకటి, మెదడు పైపొర తీసేసినా ఎలుక పిల్లలు ఆడుతూనే ఉంటాయి. ఆట పుట్టే చోటు లోతున, చాలా పురాతనమైన భాగాల్లో ఉందన్నమాట. రెండు, ఆడేటప్పుడు, చక్కిలిగింతలు పెట్టినప్పుడు అవి మన చెవికి అందని సన్నటి కూతలు పెడతాయి. మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. హాయిగా ఆడుకుంటున్న ఎలుక పిల్లల మధ్య పిల్లి బొచ్చు కొద్దిగా పెట్టారు. అవి పుట్టినప్పటి నుంచి పిల్లిని చూసి ఎరగవు. అయినా ఆట ఠక్కున ఆగిపోయింది. బొచ్చు తీసేశాక కూడా వెంటనే మొదలు కాలేదు, ఆ తరవాతి రోజుల్లోనూ ఆట బాగా తగ్గిపోయింది. పిల్లి లేదు, బొచ్చూ లేదు, ఒంట్లో మాత్రం పిల్లి ఉంది. ఇల్లు మారినా, నిందితుడు జైలుకు పోయినా, వరద తీసినా ఆడని పిల్లలను చూసినప్పుడు నాకు ఆ పంజరం గుర్తొస్తుంది. ఎలుకను చూసి మనిషి బిడ్డ గురించి తీర్పు చెప్పకూడదు, నిజమే. అయినా భయానికీ ఆటకూ ఒకే ఒంట్లో ఒకేసారి చోటు దొరకదన్న సంగతి మన కళ్ల ముందే రుజువవుతూ ఉంటుంది.

ప్లే థెరపీ మెదడు శాస్త్రం కంటే చాలా ముందే పుట్టింది. 1920ల చివర్లో లండన్‌లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ ట్రేలో ఇసుక పోసి, చిన్నచిన్న బొమ్మలిచ్చి, పిల్లలను వాళ్ల లోకం కట్టమంది. రెండో ప్రపంచ యుద్ధంలో అనా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ నడిపిన శిశుగృహాల్లో పిల్లలు పగలు బాంబులాట ఆడేవాళ్లు. 1947లో అమెరికాలో వర్జీనియా ఆక్స్‌లైన్ "ప్లే థెరపీ" పేరుతోనే పుస్తకం రాసి పద్ధతి పెట్టింది. ఆమె సూత్రాల సారం ఇంతే: బిడ్డ దారి చూపాలి, పెద్దమనిషి వెంట నడవాలి, తొందర పెట్టకూడదు, ప్రాణానికీ గదికీ ముప్పు రాకుండా ఉండే కొద్దిపాటి హద్దులు మాత్రం పెట్టాలి.

మరి మెదడు శాస్త్రం కొత్తగా ఏమిచ్చింది? కొత్త బొమ్మలివ్వలేదు. క్రమం ఇచ్చింది. అమెరికాలో బ్రూస్ పెర్రీ అనే పిల్లల మానసిక వైద్యుడు దాన్ని మూడు మెట్లుగా చెబుతాడు. ముందు ఒళ్లు కుదుటపడాలి, తరవాత మనిషితో చనువు కుదరాలి, ఆ తరవాతే బుద్ధికి చెప్పాలి. మనం పై మెట్టు నుంచి మొదలుపెట్టి, బిడ్డ ఎక్కలేదని విసుక్కుంటాం.

ఒళ్లు కుదుటపరచడానికి లయ కావాలి, ఒకే కదలిక మళ్లీ మళ్లీ రావాలి. పెర్రీ డప్పు, నడక, ఊపు అంటాడు. మనకు ఉయ్యాల ఉంది, చెమ్మచెక్క ఉంది, ఒప్పులకుప్ప ఉంది. చిత్తూరు పల్లెల్లో చెక్కభజన ఉంది. పదిమంది పిల్లల చేతికి చెక్కలిచ్చి అడుగు వేయించి చూడండి, పావుగంటకు వాళ్ల ఊపిరి ఒక లయలో పడుతుంది. సబ్బు బుడగలు ఊదించడం ఇంకా సులువు. పెద్ద బుడగ రావాలంటే ఊపిరి మెల్లగా, పొడుగ్గా వదలాలి. అలా వదిలేటప్పుడు వేగస్ నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది. "గట్టిగా ఊపిరి పీల్చుకో" అని ఆరేళ్ల బిడ్డకు పాఠం చెప్పే బదులు బుడగల సీసా ఇస్తే సరిపోతుంది.

చనువు కుదరడానికి కావలసింది గది. అదే గది, అదే వారం, అదే వేళ, అదే మనిషి. ఏం జరగబోతోందో ముందే తెలిసినప్పుడు కాపలా కాసే మెదడు కొంత సడలుతుంది. గదిలో ఖరీదైనవేమీ అక్కర్లేదు. లక్కపిడతలు, మట్టి, రంగులు, డాక్టరు సామాను, ఆటో, పోలీసు జీపు, ఆవు, పాము, రెండు మూడు తరాల మనుషుల బొమ్మలు. తిరుపతిలో చెక్కే ఎర్రకొయ్య బొమ్మలు దీనికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. చేతిలో బరువుగా నిలుస్తాయి, విరగవు, వాటి ముఖంలో నవ్వూ లేదు, ఏడుపూ లేదు. బిడ్డ ఏ భావం పెడితే ఆ భావం పడుతుంది. ఎప్పుడూ నవ్వుతూ ఉండే ప్లాస్టిక్ బొమ్మలు కోపం ఆడుకోవడానికి పనికిరావు. ఇసుక ట్రే అడుగున నీలం రంగు వేస్తారు, ఇసుక తోస్తే నీళ్లు కనిపించాలని.

ఇప్పుడు చెప్పబోయేది ఏ ఒక్క బిడ్డ కథా కాదు, చాలామందిలో చూసినవి కలిపి చెబుతున్నాను. వరద చూసిన ఏడేళ్ల బిడ్డ మొదటి వారాలు ఇసుకను ముట్టదు, తలుపు దగ్గరే నిలబడుతుంది. తరవాత ఒకరోజు చెరువు తవ్వి కట్ట కడుతుంది, వెంటనే కాలితో తన్నేస్తుంది. మరుసటి వారం మళ్లీ కట్ట, మళ్లీ తన్ను. ఆవులు మునుగుతాయి, మనుషులు మునుగుతారు. నేను "ఎందుకమ్మా" అని అడగను. "కట్ట తెగింది. అందరూ మునిగిపోయారు" అని చూసినంతే అంటాను. కొన్ని వారాలకు ఆటలో ఏదో ఒకటి మారుతుంది. ఒక ఆవు గట్టెక్కుతుంది. ఒక లారీ ఇసుక బస్తాలు తెస్తుంది. ఒకరోజు బిడ్డ పోలీసు జీపును కట్ట మీద నిలబెట్టి "అందర్నీ ఖాళీ చెయ్యమని మైకులో చెప్పాడు" అంటుంది. చెదిరిన తునకలకు వరస వస్తోందన్నమాట. మాటలు ఆ తరవాత వాటంతటవే వస్తాయి, వాటిని ఎవరూ లాగనక్కర్లేదు.

అయితే ఆట దానంతటదే మందు అనుకుంటే మోసపోతాం. 1976 జూలైలో కాలిఫోర్నియాలోని చౌచిలా అనే ఊళ్లో బడి బస్సును అటకాయించి, 26 మంది పిల్లలను, డ్రైవరును ఎత్తుకుపోయి, క్వారీలో పూడ్చిన వ్యాను లోపల పెట్టారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. లెనోర్ టెర్ అనే మానసిక వైద్యురాలు ఆ పిల్లలను నెలల తరబడి, మళ్లీ నాలుగేళ్లకు కలిసి మాట్లాడింది. గాయం తాలూకు గుర్తులు లేని బిడ్డ ఒక్కరూ లేరు. చాలామంది ఆ సంఘటననే ఆడుతున్నారు. కాని ఆ ఆటలో సరదా లేదు, మార్పు లేదు, ఆడాక తెరిపి లేదు. అదే బస్సు, అదే గుంత. ఇలాంటి ఆటలో బిడ్డను ఒంటరిగా వదిలేస్తే భయం అరిగిపోదు, మరింత గట్టిపడుతుంది. నా కట్ట కథలోనూ ఆవు గట్టెక్కకుండా నెలలు గడిస్తే ఊరికే కూర్చోకూడదు. పక్కనున్న పెద్దమనిషి మెల్లగా ఒక తాడు బొమ్మ ట్రే అంచున పెట్టొచ్చు, లేదా "ఈ ఆవుకు ఎవరైనా వినపడే దూరంలో ఉన్నారా" అని అడగొచ్చు. ఎప్పుడు ఊరుకోవాలి, ఎప్పుడు తాడు పెట్టాలి అన్నది తెలియడమే ఈ వృత్తిలో అసలు చదువు. వారాంతంలో రెండు రోజుల శిక్షణకు అది రాదు. గోడకు ఇంద్రధనుస్సు రంగులు వేసి, బయట "న్యూరో" అన్న పదంతో బోర్డు పెట్టినంత మాత్రాన అసలే రాదు.

ఇక్కడ మన ఊరి సంగతొకటి చెప్పాలి. ఏటా ఎండాకాలంలో జరిగే గంగమ్మ జాతర కథ మీకందరికీ తెలుసు. ఆడపిల్లలను చెరిచే పాలెగాడు, అవిలాలలో పెరిగిన గంగమ్మ అతన్ని ఎదిరించడం, అతను దాక్కోవడం, ఆమె రోజుకో వేషంలో వెతకడం, దొర వేషం చూసి మోసపోయి వాడు బయటికి రావడం. వారం పాటు ఊళ్లో జనం బైరాగి, బండ, తోటి, మాతంగి వేషాల్లో తిరుగుతారు. పసిపిల్లలకు కూడా వేషం కడతాం. ఆడపిల్లల మీద జరిగే దౌర్జన్యం గురించి ఒక ఊరు ఊరంతా బహిరంగంగా ఆడుకునే ఆట ఇది. దాన్ని చికిత్స అనడం అతి అవుతుంది. కాని ఆటగదిలో పోలీసు టోపీ పెట్టుకున్న బిడ్డ చేసేదీ ఇటువంటిదే, నిస్సహాయత వేషం విప్పి చేయగలిగే వేషం కట్టడం. ఒక్క తేడా ఉంది. జాతరలో ముగింపు ముందే ఖాయం, పాలెగాడు చస్తాడు. ఆటగదిలో ముగింపు బిడ్డ చేతిలో ఉంటుంది. కొంతమంది పిల్లలు ఆ మనిషి బొమ్మను చంపరు, అన్నం పెడతారు. ఎందుకంటే చాలాసార్లు ఆ మనిషి ఇంట్లోవాడే, బిడ్డకు ఇష్టమైనవాడే. అది చూసి మనం నివ్వెరపోకూడదు, దిద్దకూడదు.

శాస్త్రం విషయంలో కొన్ని నిజాలు నిక్కచ్చిగా చెప్పకపోతే ఈ ఉపన్యాసం ప్రకటన అవుతుంది. ఆటవైద్యంతో ఫలానా నరాల దారి మారిందని స్కాన్‌లో చూపించిన గట్టి రుజువు నాకు కనబడలేదు. ఉన్న రుజువు నడవడికకు సంబంధించింది. స్యూ బ్రాటన్ బృందం 2005లో 93 అధ్యయనాలను కలిపి చూసి, ఆటవైద్యం పొందిన పిల్లలు పొందని పిల్లలకంటే స్పష్టంగా మెరుగుపడ్డారని, తల్లిదండ్రులకు నేర్పి చేయించినప్పుడు ఫలితం ఇంకా బాగుందని తేల్చింది. బడి వయసు పిల్లల్లో గాయానికి ఎక్కువ రుజువులున్న చికిత్స మాత్రం గాయం మీద దృష్టిపెట్టే సీబీటీ, అంటే ఆలోచననూ నడవడికనూ దిద్దే చికిత్స, అందులోనూ ఆటను కలుపుతారు. శిక్షణ తరగతుల్లో వేదమంత్రంలా చెప్పే "మూడు మెదళ్లు", సరీసృపం, క్షీరదం, మనిషి అన్న పాల్ మెక్లీన్ నమూనాను నేటి నరశాస్త్రజ్ఞులు ఒప్పుకోరు. వేగస్ నరం చుట్టూ అల్లిన స్టీఫెన్ పోర్జెస్ పాలీవేగల్ సిద్ధాంతం మీదా గట్టి వివాదం ఉంది. తల్లులకు చెప్పేటప్పుడు బొమ్మ గీయడానికి ఇవి పనికొస్తే వాడుకోండి, ప్రమాణం చేసి చెప్పకండి.

ఇంకో హెచ్చరిక. ఆటగది దర్యాప్తు గది కాకూడదు. కాలిఫోర్నియాలోనే 1983లో మొదలైన మెక్‌మార్టిన్ నర్సరీ బడి కేసులో, పిల్లలకు బొమ్మలిచ్చి, సూచనలు కలిపిన ప్రశ్నలు వందలకొద్దీ వేసి, నమ్మశక్యం కాని కథలు రాబట్టారు. ఏడేళ్లు సాగిన ఆ కేసు 1990లో ఒక్క శిక్ష కూడా పడకుండా ముగిసింది. అందులో నిజంగా గాయపడిన బిడ్డ ఎవరైనా ఉంటే ఆ బిడ్డకూ న్యాయం పోయింది. బిడ్డ పాము బొమ్మను ఇంటి మీద పెట్టిందంటే దానికి అర్థం ఇదీ అని కోర్టులో సాక్ష్యం చెప్పడానికి ఏ శాస్త్రమూ ఒప్పుకోదు. బిడ్డ తన నోటితో అఘాయిత్యం చెప్పినప్పుడు మాత్రం పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసుకు తెలపడం మన విధి. మనం వినాలి, రాసుకోవాలి, తెలపాలి, తవ్వకూడదు. అదే సమయంలో "కేసు తేలేదాకా వైద్యం వద్దు, సాక్ష్యం చెడుతుంది" అనే వకీళ్ల మాటకూ లొంగకూడదు. ఇంగ్లండులో ప్రాసిక్యూషన్ శాఖే 2022లో సవరించిన మార్గదర్శకాల్లో విచారణ కోసం చికిత్స ఆలస్యం చేయొద్దంది. మన దగ్గర ఒక్కో కేసు తేలేసరికి బిడ్డ రెండు మూడు తరగతులు దాటిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది మనిషి. రొమేనియా అనాథాశ్రమాల్లోని 136 మంది పసివాళ్లతో 2000 ప్రాంతంలో బుకారెస్ట్‌లో మొదలైన అధ్యయనంలో, చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా సగం మందిని పెంపుడు కుటుంబాల్లో పెట్టారు. రెండేళ్లు నిండేలోపు కుటుంబానికి చేరిన పిల్లల్లో అనుబంధమూ, మెదడు విద్యుత్ తరంగాల తీరూ ఎక్కువగా కోలుకున్నాయి. ఆశ్రమంలో తిండి ఉంది, పక్క ఉంది, ఫలానా బిడ్డ నాది అనుకునే మనిషి లేడు. మన బాలసదనాల్లో, హాస్టళ్లలో ఆయాలనూ వార్డెన్లనూ ఎన్నిసార్లు మారుస్తామో ఆలోచించండి. 2021లో కోవిడ్‌తో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లలకు కేంద్రం, రాష్ట్రం పది లక్షల చొప్పున సొమ్ము ప్రకటించాయి. మంచి పని. ఆ సొమ్ముతో పాటు నెలకొకసారి వచ్చి ఆడే ఒక మనిషిని కూడా ప్రకటించి ఉంటే ఎంత బాగుండేది.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది చూద్దాం. చిత్తూరు వాళ్లకు వేలూరు ఆస్పత్రి గంట దూరం, తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆస్పత్రులు ఉన్నాయి, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర విభాగం ఉంది. కష్టంలో ఉన్న పిల్లలతో పనిచేసేవారికి శిక్షణ ఇవ్వడానికి బెంగళూరు నిమ్హాన్స్‌లో 2020 నుంచి సంవాద్ అనే జాతీయ కేంద్రం నడుస్తోంది. మనుషులు లేరన్న సాకు చెల్లదు. అంగన్‌వాడీ కార్యకర్తలను డాక్టర్లను చేయనక్కర్లేదు. ఏ ఆట మామూలుది, ఏ ఆట గడ్డకట్టింది అని పోల్చుకోవడం, పోల్చుకున్నాక ఎవరికి చెప్పాలో తెలియడం చాలు. ప్రైవేటు బడుల యజమానులతో ఒక మాట. ఆటస్థలం లేని మూడంతస్తుల బడిలో ఆటల పీరియడ్‌ను లెక్కల పీరియడ్‌గా మార్చేస్తున్నారు, దాన్ని ముందు ఆపండి. ఊళ్లలో పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు తెలియని టీచరు ఉండకూడదు.

2022 జనవరిలో సుప్రీంకోర్టు, పిల్లల్లాంటి బలహీన సాక్షులు భయం లేకుండా వాంగ్మూలం చెప్పే కేంద్రం జిల్లాకు ఒకటైనా ఉండాలని ఆదేశించింది. ఆ కేంద్రం పక్కన, తిరుపతిలో ఒకటి, చిత్తూరులో ఒకటి, పది అడుగుల గది కావాలి. కోర్టుకు ఎక్కకముందూ ఎక్కిన తరవాతా బిడ్డ ఒక గంట ఆడుకోవడానికి, అదీ కేసుకు సంబంధం లేని, శిక్షణ పొందిన ఒక మనిషితో. ఇసుక, బొమ్మలు, జీతం మొదటి ఏడాదికి మేం కొందరం కలిసి చూసుకుంటాం. ప్రభుత్వం ఇవ్వాల్సింది గోడలు, తాళం. ఆ గది అడగడానికి నాతో పాటు జిల్లా జడ్జిగారి దగ్గరికి, కలెక్టర్ల దగ్గరికి రాగలిగిన వకీళ్లు, టీచర్లు, తల్లిదండ్రులు సభ అయ్యాక పేరు, ఫోన్ నంబరు రాసి ఇవ్వండి.